మంచాన పడ్డవాళ్లని చూసుకుంటున్నారా? మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయాక ఐదేళ్లు తెనాలిలో నేనే చూసుకున్నా. ఏ కాగితం ఎక్కడ అడగాలో, ఎవరికి ఫోన్ చేయాలో మొదటి రెండేళ్లూ చెప్పినవాళ్లు లేరు, తెలిసేసరికి కొన్నింటికి టైమ్ దాటిపోయింది కూడా. ఆ తర్వాత తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అడిగిన ప్రశ్నలు పోగుచేసి, నాతోపాటు ఇదే పనిలో ఉన్న ఇద్దరు ముగ్గురితో కలిసి రాసిన జవాబులివి. పింఛన్ మొత్తాల్లాంటివి జీవో వస్తే మారతాయి కాబట్టి వెళ్లేముందు సచివాలయంలోనో మీసేవలోనో ఒకసారి అడిగి వెళ్లండి.

నేను మా అత్తగారిని చూసుకుంటున్నా అంతే. దీనికీ ఒక పేరుందా?

ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో కేర్‌గివర్ అంటే ఎవరో రాసి పెట్టారు: జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, వైకల్యం ఉన్న మనిషికి సాయంగా ఉండే ఎవరైనా, తల్లిదండ్రులూ ఇంట్లోవాళ్లతో సహా. మన ఇళ్లల్లో మాత్రం కోడలు చేస్తే బాధ్యత, కూతురు చేస్తే ప్రేమ, కొడుకు చేస్తే "అబ్బ, ఎంత మంచివాడో" అంటారు. కేంద్రం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో 15 నుంచి 59 ఏళ్లలోపు ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లో ఎవరో ఒకరి సంరక్షణ చూస్తున్నారు, రోజుకి దాదాపు 140 నిమిషాలు. మగవాళ్లలో 21.4 శాతం, 74 నిమిషాలు. పిల్లల్ని చూసుకోవడం కూడా ఆ లెక్కలోనే ఉంది. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో 140 నిమిషాలంటే పొద్దున స్నానం, టిఫిన్, మందులతోనే అయిపోతాయి, అది వేరే సంగతి.

చూసుకునేవాళ్లకి ప్రభుత్వం డబ్బులేమైనా ఇస్తుందా?

ఈ ప్రశ్నే అందరికంటే ఎక్కువమంది అడుగుతారు. సూటిగా చెప్తున్నా, మన రెండు రాష్ట్రాల్లోనూ చూసుకునే మనిషి పేరు మీద పింఛన్ లేదు. కేరళలో ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉంది, మంచాన పడ్డవాళ్లని చూసుకునేవాళ్లకి నెలకి 600 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ అది చూసుకునే మనిషికని చెప్పి ఇచ్చే డబ్బు. పైన చెప్పిన 2016 చట్టంలో కూడా ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకి కేర్‌గివర్ అలవెన్స్ ఇచ్చే పథకాలు పెట్టాలనే మాట ఉంది, ఆ మాట పట్టుకుని అడిగే హక్కు మనకుంది.

మన దగ్గర డబ్బు వచ్చేది జబ్బుపడ్డవాళ్ల పేరు మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకి 4,000, దివ్యాంగులకి 6,000, పక్షవాతంతోనో ప్రమాదంలోనో పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 15,000, డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకి 10,000. ఈ 15,000 కేటగిరీ సంగతి చాలామందికి తెలియదు, అమ్మ మంచం దిగలేకపోతున్నా 4,000 వృద్ధాప్య పింఛనుతోనే సరిపెట్టుకుంటారు. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛన్ 4,016 అయింది, వృద్ధులది 2,016. పెంచుతామన్న హామీ ఉంది, అది చేతికొచ్చిన రోజు లెక్కేసుకోండి.

సదరం సర్టిఫికెట్‌కి మంచం మీదున్న మనిషిని ఎలా తీసుకెళ్లేది?

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్. ముందు టైమింగ్ చూసుకోండి. పక్షవాతం లాంటి నరాల జబ్బుల్లో వైకల్య శాతాన్ని జబ్బు వచ్చిన ఆరు నెలల తర్వాతే లెక్కకడతారు. స్ట్రోక్ వచ్చిన రెండో నెలలోనే ఆటో మాట్లాడుకుని వెళ్తే ఉత్త చేతులతో తిరిగి రావాలి. మేం అలాగే వచ్చాం, ఎండాకాలం, అమ్మని వీల్‌చైర్‌లో వరండాలో మూడు గంటలు కూర్చోబెట్టి.

ఆంధ్రాలో స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేసుకోవాలి, తెలంగాణలో ఇప్పుడు సదరం బదులు కేంద్రం వాళ్ల యూడీఐడీ పోర్టల్ మీదే నడుస్తోంది. యూడీఐడీ అంటే దేశమంతా చెల్లే దివ్యాంగుల కార్డు, 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, 40 శాతం దాటితే చాలా లాభాలకి అర్హత వస్తుంది. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, సీటీ లేదా ఎంఆర్ఐ రిపోర్టు, ఆధార్ ఒరిజినల్‌తో పాటు జిరాక్సులు, ఫొటోలు పట్టుకెళ్లండి. డైపర్, నీళ్లు, ఒక దుప్పటి మర్చిపోకండి. కదల్లేని మనిషైతే ముందురోజే ఆసుపత్రి సూపరింటెండెంట్‌ని కలిసి, డాక్టర్ బయటికొచ్చి అంబులెన్స్‌లోనే చూసే వీలుందా అని అడగండి. అడిగితే ఒప్పుకున్న చోట్లున్నాయి, అడక్కపోతే మాత్రం ఎవరూ రారు. 2025లో ఆంధ్రాలో ఆ 15,000 రూపాయల పింఛన్లని మళ్లీ తనిఖీ చేసినప్పుడు డాక్టర్ల బృందాలే ఇళ్లకొచ్చాయి. అలాంటి రోజు వస్తుంది కాబట్టి పాత రిపోర్టులు ఏవీ పారేయకండి, అన్నీ ఒక ఫైల్లో ఉండాలి.

నాన్న సంతకం పెట్టలేరు. బ్యాంకువాళ్లు ఆయన్ని తీసుకురమ్మంటున్నారు.

తీసుకెళ్లక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన స్పష్టంగా ఉంది: ఖాతాదారు జబ్బుతో సంతకం చేయలేకపోతే విత్‌డ్రాయల్ ఫారం మీద వేలిముద్ర చాలు, చేయి పనిచేయకపోతే కాలి బొటనవేలి ముద్రైనా చాలు. బ్యాంకుకి రాలేని స్థితి అయితే ఆ ముద్రని ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. డబ్బు ఎవరు తీసుకోవాలో కూడా ఆయనే చెప్పొచ్చు. కౌంటర్లో కుర్రాడికి ఇది తెలియకపోవచ్చు, గొడవపడకుండా మేనేజర్ దగ్గరికెళ్లి "రోగులైన ఖాతాదారుల నిబంధన ప్రకారం ఒకరిని ఇంటికి పంపండి" అని కాగితం మీద రాసివ్వండి. నోటితో అడిగితే రేపు రమ్మంటారు, రాసిస్తే ఆ కాగితానికి జవాబు చెప్పాలి కదా. 70 ఏళ్లు దాటినవాళ్లకి, దివ్యాంగులకి ఇంటి దగ్గరే బ్యాంకింగ్ సేవలివ్వాలని 2017 నవంబర్లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది.

పింఛనుదారులైతే నవంబర్ వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపిస్తే ఇంట్లోంచే అయిపోతుంది, వెలుతురు బాగా పడేలా కూర్చోబెట్టాలి అంతే. 80 దాటినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. ఫోన్ గోల వద్దనుకుంటే పోస్ట్‌మ్యాన్‌ని ఇంటికి పిలిపించుకునే సౌకర్యం ఉంది, కొంచెం ఫీజు తీసుకుంటారు.

అమ్మకి మతిమరుపు మొదలైంది. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందా?

కొంతవరకే. మన దేశంలో మామూలు పవర్ ఆఫ్ అటార్నీ రాసిన మనిషికి తెలివి ఉన్నంతకాలమే చెల్లుతుంది, మతి పూర్తిగా పోయిన రోజున ఆ కాగితానికీ ప్రాణం పోయినట్టే. ఆ తర్వాత ఆస్తి విషయంలో ఏం చేయాలన్నా గార్డియన్‌గా నియమించమని కోర్టుకి వెళ్లాలి, కొన్ని కేసుల్లో హైకోర్టు దాకా. అందుకే డాక్టర్ నోట డిమెన్షియా అనే మాట వినగానే, అమ్మ ఇంకా అందర్నీ పేరు పెట్టి పిలుస్తున్న రోజుల్లోనే, మూడు పనులు చేసేయండి. బ్యాంకు ఖాతాని జాయింట్ చేసి "ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు" పద్ధతి పెట్టించండి, నామినీలు సరిచూడండి, వీలునామా రాయాలనుకుంటే ఆమె ఇష్టప్రకారమే రాయించి రిజిస్టర్ చేయించండి, ఆ రోజు ఆమె తెలివిగానే ఉందని డాక్టర్ సర్టిఫికెట్ కూడా తీసుకుని పెట్టుకోండి. ఇవన్నీ అమ్మ బతికుండగా మాట్లాడటం అపశకునం అనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లు రేపు కోర్టు మెట్లెక్కరు, ఎక్కేది మీరే.

అల్జీమర్స్ విషయంలో ఏఆర్‌డీఎస్ఐ అనే సంస్థ 1992 నుంచి పనిచేస్తోంది, హైదరాబాద్‌లో శాఖ ఉంది. ఇదే అనుభవం ఉన్న కుటుంబాలతో మాట్లాడించడం వాళ్లు చేసే పనుల్లో అన్నిటికంటే ఉపయోగం అని నాకనిపించింది.

అన్నయ్యలిద్దరూ పైసా ఇవ్వరు, పండక్కి వచ్చి ఫొటోలు దిగి వెళ్తారు. ఏం చేయాలి?

2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. అమ్మ గానీ నాన్న గానీ దరఖాస్తు పెట్టాలి, కదల్లేకపోతే వాళ్లు అధికారమిచ్చిన ఇంకో మనిషి గానీ సంస్థ గానీ పెట్టొచ్చు. కొడుకులు, కూతుళ్లు, మేజరైన మనవలు అందరూ బాధ్యులే, కోడలు, అల్లుడు కాదు. నెలకి 10,000 రూపాయల దాకా ఇప్పించొచ్చు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. లాయర్ అక్కర్లేకుండా మామూలు తెల్లకాగితం మీద రాసుకెళ్లినా తీసుకుంటారు.

ఇందులో మెలిక ఒకటుంది. చూసుకునే కూతురు తన కష్టానికి డబ్బు అడగడానికి ఈ చట్టం లేదు, అమ్మ పోషణకే. కాబట్టి నెలకి డైపర్లకెంత, మందులకెంత, ఫిజియోకెంత, ఆయాకెంత అని ఒక నోట్‌బుక్‌లో రాసి బిల్లులు అంటించండి. ఆర్డీవో ముందు "నేను చాలా చేశానండీ" అంటే ఎవరూ వినరు, నోట్‌బుక్ చూపిస్తే వింటారు. నిజానికి మా ఇంట్లో ట్రిబ్యునల్ దాకా వెళ్లలేదు, ఆ నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే తర్వాతి నెల నుంచి డబ్బులు వచ్చాయి. సంబంధాలు చెడాయా అంటే, ముందున్నవి ఎంత బాగున్నాయి గనక.

ఆస్తి రాసిచ్చేస్తేనే చూస్తామంటే, గిఫ్ట్ డీడ్‌లో "నా పోషణ, వైద్యం చూడాలి" అనే షరతు కచ్చితంగా రాయించండి. చూడకపోతే ఇదే చట్టం 23వ సెక్షన్ కింద ఆ డీడ్ రద్దు చేయమని అడగొచ్చు. షరతు లేని డీడ్‌తో పోరాటం చాలా కష్టం. ఉచిత లాయర్ కావాలంటే 15100, న్యాయ సేవాధికార సంస్థ నంబర్. ఆడవాళ్లకి, దివ్యాంగులకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం.

ఆసుపత్రి ఖర్చులకి ఏ కార్డు?

70 ఏళ్లు దాటితే ఆదాయం ఎంతైనా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, 2024 అక్టోబర్ చివర్లో మొదలైంది, ఏడాదికి 5 లక్షలు. దీంతోపాటు ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఇది 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలయింది. అన్నీ ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో డైపర్లు, ఫిజియో, పైపు మార్చడం, వాటర్ బెడ్ ఏవీ ఇందులోకి రావు, మన డబ్బంతా పోయేది అక్కడే.

ఇంటికొచ్చి చూసే నర్సులెవరైనా ఉంటారా? పుండ్లు పడుతున్నాయి, పైపులో తిండి పెట్టాలంటే చేతులు వణుకుతున్నాయి.

తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, ఆలంబన అనే వాహనంలో నర్సు, ఫిజియో ఇంటికొస్తారు. పాలియేటివ్ అంటే చావు దగ్గరపడ్డవాళ్లకే అనుకుంటారు గానీ పక్షవాతం, పడుకునే పుండ్లు, తగ్గని నొప్పి, అన్నీ అందులోవే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, స్పర్శ్ హాస్పిస్‌లోనూ ఈ సేవ ఉంది. ఆంధ్రాలో ముందు మీ ఏఎన్‌ఎంనీ ఆశా వర్కర్‌నీ పట్టుకోండి, వాళ్ల రిజిస్టర్‌లో మీ ఇల్లు మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లుగా ఎక్కాలి.

చేతులు వణకడం మామూలే. డిశ్చార్జ్ రోజున ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మాకు రెండు నిమిషాలు చూపించి పంపేశారు, ఇంటికొచ్చాక మొదటి రాత్రి పైపు కొస పట్టుకుని ఏడ్చా. కాబట్టి డిశ్చార్జ్‌కి ఒకరోజు ముందే నర్సు ఎదురుగా మీ చేత్తో రెండుసార్లు చేయండి, ఫోన్లో వీడియో తీసుకోండి. పైపులో పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి, పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి నిమోనియా వస్తుంది. పుండ్లకి మందుకంటే ముందు చేయాల్సింది రెండు గంటలకోసారి పక్క మార్చడం. వాటర్ బెడ్ కొన్నాం కదా అని పక్క మార్చడం మానేసిన ఇళ్లు చూశా, నడుం దగ్గర ఎముక కనపడేదాకా తెలియలేదు. మనిషిని చంకల్లో చేతులు పెట్టి లాగకండి, కింద మడత దుప్పటి వేసి ఇద్దరు చెరో వైపు పట్టుకుని జరపండి. మీ నడుం పోతే ఇద్దరు పేషెంట్లవుతారు ఇంట్లో.

ఉద్యోగానికి సెలవు దొరుకుతుందా?

ప్రైవేటులో అయితే తల్లిదండ్రుల్ని చూసుకోవడానికంటూ మన దేశంలో చట్టం లేదు, హెచ్ఆర్ దయ. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి మొత్తం సర్వీసులో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది, వైకల్యమున్న బిడ్డ అయితే వయసు పరిమితి లేదు. వైకల్యం ఉన్నవాళ్లని చూసుకునే కేంద్ర ఉద్యోగులకి మామూలు బదిలీల నుంచి మినహాయింపు కోరే వీలుంది, 2014 జూన్ నాటి ఉత్తర్వు అది. అప్లికేషన్‌కి యూడీఐడీ కార్డు జతచేయండి.

ట్యాక్స్‌లో ఏమైనా తగ్గుతుందా?

పాత పద్ధతిలో కడితేనే. 80డీడీ కింద, మీ మీద ఆధారపడ్డ మనిషికి 40 శాతం వైకల్యం ఉంటే ఆదాయంలో 75,000, 80 శాతం ఉంటే 1,25,000 తగ్గించుకోవచ్చు, ఎంత ఖర్చుపెట్టారో బిల్లులు అడగరు. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి ఆడిటర్‌ని "పాత 80డీడీ" అని అడగండి, అర్థమవుతుంది.

మా అబ్బాయికి ఆటిజం. 18 నిండితే ఏదో చేయాలంటున్నారు?

అవును, దీన్ని వాయిదా వేయకండి. 18 దాటిన క్షణం నుంచి చట్టం దృష్టిలో మీరు అతని గార్డియన్ కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెడితే లీగల్ గార్డియన్‌షిప్ ఇస్తారు, కోర్టు అక్కర్లేదు. అదే ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ, ఓపీ ఖర్చులు కూడా అందులో ఉంటాయి. అమ్మానాన్నలకి కొన్నాళ్లు ఊపిరి తీసుకునే వీలివ్వడానికి సమర్థ్ అని ఇంకో పథకం ఉంది, దగ్గర్లో కేంద్రం ఉంటే మాత్రం వదులుకోకండి.

పక్కింటి మాస్టారు ఒంటరి. పిల్లల్లేరు. అన్నం నేనే పంపిస్తున్నా, రేపు ఏదైనా అయితే?

అన్నం పంపడానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, డబ్బు, కాగితాలు ముట్టుకునే ముందు మాత్రం జాగ్రత్త. ఆయన ఏటీఎం కార్డు మీ దగ్గర పెట్టుకోకండి, ఎంత మంచి మనసుతో చేసినా ఎప్పుడూ కనపడని మేనల్లుడు ఒకడు దిగి మిమ్మల్ని దొంగని చేస్తాడు. కొన్న మందులకి బిల్లు, మిగిలిన చిల్లరతో సహా కవర్లో పెట్టి ఆయనకే ఇచ్చేయండి. 14567 ఎల్డర్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, ఎవరైనా చేయొచ్చు. పింఛన్, వృద్ధాశ్రమం, వేధింపులు, అన్నిటికీ అదే నంబర్. పైగా ఇది దేశమంతటికీ వెళ్లకముందు మొదలైంది హైదరాబాద్‌లోనే. ఇంకో విషయం, పిల్లల్లేని పెద్దవాళ్ల ఆస్తి ఎవరికి వస్తుందో ఆ బంధువు మీద కూడా 2007 చట్టం కింద పోషణ అడగొచ్చు. ఆ మేనల్లుడికి ఈ సంగతి చెప్పి చూడండి.

నేను డాలస్‌లో ఉన్నా. చెల్లే అంతా చూస్తోంది. నేనేం చేయగలను?

డబ్బు పంపిస్తున్నా అంటారు కదా, అమ్మ ఖాతాకి కాకుండా కొంత చెల్లి పేరు మీద, ఆమె సొంతానికని చెప్పి పంపండి. ఏడాదికోసారి వచ్చి, ఆమెని ఎక్కడికైనా పంపించి, ఆ పది రోజులూ డైపర్లు మీరే మార్చండి. అమెరికాలో 50 మంది, అంతకు మించి ఉన్న కంపెనీలో ఏడాదికి పైగా పనిచేస్తుంటే, 1,250 గంటలు పూర్తయితే, ఎఫ్ఎంఎల్ఏ అనే అక్కడి సెలవు చట్టం కింద 12 వారాలు జీతం లేని సెలవు దొరుకుతుంది, అమ్మ ఇండియాలో ఉన్నా ఇండియా డాక్టర్ సర్టిఫికెట్ చెల్లుతుంది. అత్తమామలకి మాత్రం వర్తించదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి ఒక వారం కేరర్స్ లీవ్ ఉంది, అదీ జీతం లేకుండానే, ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నుంచే.

ఏజెన్సీ అటెండెంట్‌ని పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, చేతకాకే పెట్టుకున్నారనే మాటలు పట్టించుకోకండి. ఆమె రాని రోజు ఎవరొస్తారో ఏజెన్సీతో ముందే రాయించుకోండి. ఆధార్ కాపీ, పోలీస్ వెరిఫికేషన్ అడగండి. మొదటి మూడు రోజులు పక్కనే ఉండండి. ఆమె అన్నం, పడుకునే చోటు బాగా చూసుకోండి, ఒక ఆయా పదిరోజుల్లో మానేసిందంటే ఎక్కువసార్లు కారణం ఆ రెండే.

అమ్మ మీద అరిచేశా. ఒకసారి చేయి కూడా విసిరా. నేను మనిషినేనా?

మూడు రాత్రులు నిద్ర లేని మనిషివి. నేనూ అరిచా, స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చా, మళ్లీ వచ్చి గంజి పట్టించా. కోపం పట్టలేనంత వచ్చినప్పుడు మనిషిని సురక్షితంగా పడుకోబెట్టి, రెయిలింగ్ ఎత్తి, పది నిమిషాలు గడప బయటికెళ్లిపోండి, ఆ పది నిమిషాల్లో ఏమీ కాదు. 14416 టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, రాత్రి రెండింటికైనా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు. చేయి విసరడం రెండోసారి జరిగితే మాత్రం సిగ్గుపడుతూ దాచుకోకండి, అదే రోజు ఫోన్ చేసి, ఇంకో మనిషిని ఇంట్లోకి పిలవండి.

ఒక్కరోజు బయటికెళ్లాలని ఉంది. ఎవరికి అప్పజెప్పాలి?

"ఏమైనా సాయం కావాలంటే చెప్పు" అన్నవాళ్లందరి పేర్లూ ఒక కాగితం మీద రాయండి. ఎవరికీ "సాయం చేయండి" అని చెప్పొద్దు, "గురువారం పదింటి నుంచి ఒంటిగంట దాకా మా అమ్మ దగ్గర కూర్చోండి, పదకొండున్నరకి ఈ మాత్ర, పన్నెండింటికి పక్క మార్చాలి" అని చెప్పండి. మా వీధిలో అలా అడిగితే ఐదుగురిలో ఇద్దరు వచ్చారు. నేను బస్సెక్కి గుంటూరు వెళ్లి, ఏ పనీ లేకుండా బజార్లో తిరిగి, ఒక చీర కొనుక్కుని వచ్చా.